వ్యాపారం నేర్పే గురువు ఎక్కడి నుంచి వచ్చాడు?

ఆంట్రప్రెన్యూర్‌షిప్ ప్రొఫెసర్ల వంశవృక్షాన్ని మన పాఠ్యపుస్తకాలన్నీ ఒకే తీరున గీస్తాయి. 1911లో ఆర్థికవేత్త షుంపీటర్ సిద్ధాంతం, 1947లో హార్వర్డ్‌లో మైల్స్ మేస్ తొలి కోర్సు, ఆపైన బిజినెస్ స్కూళ్లు. వియన్నాలో బ్యాంకు అధ్యక్షుడిగా ఉన్న షుంపీటర్ 1924లో ఆ పదవి పోయి, నెత్తిన అప్పులతో మళ్లీ పాఠాలకు మళ్లిన సంగతి మాత్రం చాలామంది చెప్పరు.

ఈ వరుసలో మన దేశం కథ ఇమడదు. ఇక్కడ ఈ చదువుకు బాట వేసినవాళ్లలో ముందు చెప్పుకోవలసినవాడు వ్యాపారి కాదు, సైకాలజీ ప్రొఫెసర్. యేల్‌లో పీహెచ్‌డీ చేసి హార్వర్డ్‌లో పాఠాలు చెప్పిన డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారులను ఎంచుకున్నాడు. 52 మందికి హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ‘సైట్’లో, సాధించాలన్న ప్రేరణను పెంచే శిక్షణ ఇచ్చారు. గైడ్లలో అది మూడు నెలల కోర్సని కనిపిస్తుంది. నిజానికి పది రోజులు, మహా అయితే రెండు వారాలు.

అక్కడ ఆడించిన ఒక ఆట చూడండి. నేల మీద ఒక మేకు, చేతిలో కొన్ని రింగులు. ఎంత దూరం నుంచి విసరాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. మరీ దగ్గర నిలబడితే గెలుపుకు విలువ లేదు, మరీ దూరమైతే అంతా అదృష్టం మీదే. తాను ఎక్కడ నిలబడ్డాడో, ఎందుకు నిలబడ్డాడో చూసుకోవడమే పాఠం.

రెండేళ్లు గడిచాక లెక్క తీశారు. కొత్త పెట్టుబడి, కొత్త కొలువులు, ఎక్కువ పనిగంటలు. శిక్షణ పొందినవారిలో సుమారు సగం మంది చురుగ్గా కదిలారు. పోలికకు తీసుకున్న రాజమండ్రిలో అంత కదలిక లేదు. దీన్ని మంత్రంలా చెప్పుకోవడం నాకు సమ్మతం కాదు. వచ్చినవాళ్లు అప్పటికే వ్యాపారులు, ఇష్టపడి వచ్చినవాళ్లు. పైగా, తమ కొట్టులో నిర్ణయం తమదే అయినవాళ్లకే ఫలితం బాగా కనిపించింది. తండ్రి మాట దాటలేని కొడుక్కి ప్రేరణ నూరిపోసి ఏం లాభం? అయినా ఈ పద్ధతి నిలిచింది. 1970లో గుజరాత్ శిక్షణ శిబిరాలలోనూ, 1983లో అహ్మదాబాద్‌లో పుట్టిన ఆంట్రప్రెన్యూర్‌షిప్ శిక్షణ సంస్థ ఈడీఐలోనూ దాని జాడ ఉంది.

ఇప్పుడు వాదమంతా ప్రొఫెసర్ అర్హత చుట్టూ తిరుగుతోంది. 2022లో యూజీసీ, కనీసం 15 ఏళ్ల అనుభవం ఉంటే పీహెచ్‌డీ లేకపోయినా ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’గా తీసుకోవచ్చంది. మంచిదే. కానీ సొంతంగా వ్యాపారం నడిపినంత మాత్రాన నేర్పడం వస్తుందని కాకినాడ చెప్పలేదు. అక్కడ పనికొచ్చింది మళ్లీ వెళ్లి అడిగిన ఓపిక. నేటి దరఖాస్తుల్లో పరిశోధన పత్రాలకు గడి ఉంది, అనుభవానికి గడి ఉంది. తాను నేర్పినవాళ్లు రెండేళ్ల తర్వాత ఏం చేస్తున్నారో రాసే గడి నేను చూసినంతలో లేదు.