ఖజానా బాకీ: దయ నుంచి హక్కు దాకా

సర్కారు నుంచి రావలసిన పాత బాకీ కోసం ఖజానా అధికారి చుట్టూ తిరగడం ఈనాటి అవస్థ కాదు. ఖజానాలో జరిగే అక్రమాలను కౌటిల్యుడి అర్థశాస్త్రం నలభై రకాలుగా లెక్కగట్టింది. ఇవ్వవలసింది ఇవ్వకపోవడం, ఇచ్చినా వేళకు ఇవ్వకపోవడం వాటిలో ఉన్నాయి. జాప్యం తప్పేనని అప్పుడే గుర్తించారన్నమాట. కానీ సొమ్ము రావలసినవాడు రాజును నిలదీసే దారి మాత్రం చాలాకాలం ఏర్పడలేదు.

ఇంగ్లండులో ఆ దారి కోసం పెద్ద పోరాటమే జరిగింది. 1672లో రెండో చార్లెస్ ఖజానా చెల్లింపులు ఆపేశాడు. రాజుకు అప్పిచ్చిన బంగారు వర్తకులు చితికిపోయారు. ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచాక 1700లో ప్రభువుల సభ వారి పక్షాన తీర్పు చెప్పింది. గెలిచినా అసలు సొమ్ము పూర్తిగా దక్కలేదు. మరుసటి ఏడాది పార్లమెంటు సగానికే ఒప్పుకుంది.

మన దేశంలో ఈస్టిండియా కంపెనీపై దావా వేసే వీలుండేది. కంపెనీ పాలనను ముగించిన 1858 చట్టం దాన్ని కొనసాగించింది, రాజ్యాంగం 300వ అధికరణం నిలబెట్టింది. అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ ప్రకారం ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. కోర్టు ఖర్చు భరించలేని చిన్న ఉద్యోగికి ట్రెజరీ గుమ్మమే దిక్కు. అక్కడ బిల్లుకు అభ్యంతరం రాస్తే, అది పంపిన డ్రాయింగ్ అధికారి దగ్గరికి తిరిగొస్తుంది. మార్చి 31 దాటితే ఆ ఏటి బడ్జెట్ మురిగిపోతుంది.

మలుపు పింఛను కేసులతో వచ్చింది. పింఛను ప్రభుత్వ దయ కాదు, ఉద్యోగి ఆస్తి అని 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1984లో పద్మనాభన్ నాయర్ కేసులో మరో అడుగు ముందుకు వేసింది. చివరి వేతన ధ్రువపత్రం వంటి కాగితాల కోసం పింఛను ఆపడం తగదని, అవి విరమణకు కనీసం వారం ముందే సిద్ధం కావాలని, ఆలస్యానికి వడ్డీ కట్టాలని చెప్పింది. కోవిడ్ వేళ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాయిదా వేసిన జీతాలు, పింఛన్లకూ 2021లో అదే న్యాయం వర్తించింది: సుప్రీంకోర్టు, హైకోర్టు వేసిన 12 శాతం వడ్డీని 6 శాతానికి తగ్గించినా, చెల్లించి తీరాలంది.

హక్కు స్థిరపడింది. దాన్ని రాబట్టుకునే భారం మాత్రం ఇంకా వృద్ధుల భుజాల మీదే ఉంది. కోర్టుకెళ్లినవారికే వడ్డీ దక్కడం అన్యాయం. గడువు దాటిన ప్రతి బిల్లుకూ అడగకుండానే వడ్డీ జమయ్యేలా నిబంధన రావాలి. జాప్యానికి సర్కారు మూల్యం చెల్లించే రోజునే బకాయిలు వేళకు తీరతాయి.