బ్రిడ్జెట్ లెక్కల పుస్తకం

పెళ్లికాని ఆడమనిషి మీద జోకు ఇంగ్లీషు నవలకి కొత్తేం కాదు. 1815 చివర్లో వచ్చిన జేన్ ఆస్టెన్ 'ఎమ్మా'లో, డబ్బూ మొగుడూ లేని మిస్ బేట్స్‌ని ఎమ్మా నలుగురిలో ఒక్క మాటతో చిన్నబుచ్చుతుంది. మిస్ బేట్స్ మొహం ఎర్రబడుతుంది, అంతే. తిరిగి ఒక్క వెటకారం కూడా ఆడదు.

ఆ వెటకారం 180 ఏళ్లకి వచ్చింది. 1995లో లండన్ పత్రిక 'ది ఇండిపెండెంట్'లో హెలెన్ ఫీల్డింగ్ కాలమ్ మొదలుపెట్టింది. మరుసటేడు అదే 'బ్రిడ్జెట్ జోన్స్ డైరీ' నవలైంది. ముప్ఫై దాటిన బ్రిడ్జెట్ సింగిల్. విందుల్లో పెళ్లయిన జంటలు ఆరా తీస్తే, ఇంటికొచ్చి డైరీలో వాళ్లనీ తననీ కలిపి ఉతికేస్తుంది. ప్రతిరోజూ మొదట్లోనే లెక్కలు: బరువు, మందు, సిగరెట్లు, కేలరీలు.

2013లో వచ్చిన 'మ్యాడ్ అబౌట్ ద బాయ్'లో ఆమె 51 ఏళ్ల వితంతువు, ఇద్దరు పిల్లల తల్లి. ట్విటర్‌లో పరిచయమైన 29 ఏళ్ల కుర్రాడితో తిరుగుతుంది. డైరీ లెక్కల్లోకి ఫాలోవర్లు కూడా చేరారు.

నాకు ఇక్కడే ఆగి ఆలోచించాలనిపిస్తుంది. డేటింగ్ సైటు మ్యాచ్.కామ్ మొదలైందీ 1995లోనే. కానీ ఆడమనిషిని అంకెల్లో కొలవడం ఆ సైట్లు కనిపెట్టిన పనేం కాదు. బ్రిడ్జెట్ అప్పటికే తనని తనే అలా కొలుచుకుంటోంది. ఎత్తూ రంగూ రాసే మన పెళ్లి ప్రకటనలు చదివినవాళ్లకి ఆ అలవాటు తెలిసిందే. వెటకారం వల్ల ఆమె కొలతలేం మారలేదు. అవెంత హాస్యాస్పదమో మాత్రం తెలిసొచ్చింది.

మిస్ బేట్స్ కూడా డైరీ రాసుంటే, ఎమ్మా గురించి ఏమనేదో చదవాలనుంది.