ఓడిన ఫౌజు ఇంటికొచ్చినప్పుడు

2025 మే నెలలో గోరంట్ల మండలం కల్లితండాకు కశ్మీర్ సరిహద్దు నుంచి ఒక శవపేటిక వచ్చింది. మురళీ నాయక్ అనే బంజారా కుర్రాడు, అగ్నివీర్, పాకిస్తాన్ కాల్పుల్లో చనిపోయాడు. మంత్రులు వచ్చి పాడె మోశారు. 50 లక్షల రూపాయలు, ఐదెకరాల పొలం, 300 గజాల ఇంటి స్థలం, తండ్రికి ఉద్యోగం ప్రకటించారు. చెయ్యవలసిన పనే. కొడుకు పోయిన తల్లికి ఎంతిచ్చినా తక్కువే.

ఆ జాబితాలో నా కన్ను ఐదెకరాల దగ్గర ఆగింది. సిపాయి రుణం భూమితో తీర్చుకోవడం మన సీమలో చాలా పాత పద్ధతి. విజయనగరం రోజుల్లో అమరం, తర్వాత జాగీరు, ఇనాం, ఇప్పుడు మాజీ సైనికుల అసైన్డ్ పట్టా. పేర్లు మారాయి, అంతే. (అనంతపురం రాళ్ల నేలలో ఆ పట్టా ఏం పండిస్తుందన్నది వేరే సంగతి.) అయితే ఈ మర్యాదంతా నిలబడ్డ రాజ్యపు సిపాయికి. రాజ్యమే కూలిపోతే, దాని ఉప్పు తిన్న సిపాయి ఇంటికొచ్చి ఎవరి గుమ్మం ముందు నిలబడాలి? మా వాళ్ల చరిత్రలో సగం ఈ ప్రశ్నే.

రామగిరి అంటే ఇవాళ పత్రికలకు మూతపడ్డ బంగారు గనో, ఫ్యాక్షనో గుర్తొస్తుంది. కానీ ఆ కొండల నుంచి పెనుకొండ, హిందూపురం దాకా ఉన్న సీమ ఎన్ని ఫౌజులు మారిందో లెక్కపెట్టండి. హిందూపురానికి ఆ పేరు మరాఠా సర్దారు మురారిరావు తండ్రి హిందూరావు వల్ల వచ్చిందంటారు. 1776లో హైదర్ అలీ గుత్తి కోట పట్టి మురారిరావును ఖైదు చేశాడు. ఆనాడు ఓడింది మరాఠా సిపాయి. 1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు నేలకొరిగాడు. ఈసారి వంతు మైసూరు సిపాయిది.

అప్పుడు కుదిరిన ఒడంబడిక చదివితే పెద్దవాళ్ల ఏర్పాట్లన్నీ కనిపిస్తాయి. హైదర్, టిప్పు కుటుంబాల పోషణకు కనీసం 2 లక్షల స్టార్ పగోడాలు. టిప్పు సేనాని కమరుద్దీన్ ఖాన్‌కు మన కదిరికి అవతల ఉన్న గుర్రంకొండ జాగీరు. మరి మామూలు సిపాయికి? అతని బేవాకు? ఆ కాగితంలో వాళ్లు లేరు. కొందరు గుర్రపు రౌతులను దివాన్ పూర్ణయ్య కొత్త మైసూరు కొలువులోకి తీసుకున్నాడు. దారి దొరకనివాళ్లలో అనేకులు ధోండియా వాఘ్ వెంట పోయారు. 1800 సెప్టెంబర్‌లో ఆర్థర్ వెల్లెస్లీ అతన్ని వెంటాడి చంపాడు. ఆ యుద్ధభూమిలో సామాన్ల మధ్య ధోండియా పెంపుడు కొడుకు సలాబత్ ఖాన్ దొరికాడు, పసివాడు. వెల్లెస్లీ వాణ్ని తన డేరాకు తీసుకుపోయి సాకాడు, దేశం వదిలిపోతూ వాడి పోషణకు డబ్బు అప్పగించి మరీ వెళ్లాడు. ఆ ఇంగ్లీషువాడి దయను నేను కాదనను. కానీ ఆ రోజు అనాథలైంది ఒక్క సలాబతేనా?

అదే ఏడు అక్టోబర్‌లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి రాసిచ్చాడు. కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. ఆయన చూసిన సీమలో 80 మంది పాలెగాళ్లు, వాళ్ల కింద 30 వేల దాకా సాయుధ బంట్రోతులు. మన్రో పాలెగాళ్ల కోరలు పీకి, బంట్రోతులను నాగలి పట్టమన్నాడు. వాళ్లలో బోయలెందరో. అంటే ఆయుధం చేజారిన బాధ ఒక్క మతానిది కాదు. బోయ బంట్రోతూ, టిప్పు ఫౌజీ ఒకే కరువు నేలలో పక్కపక్కనే కూలి వెతుక్కున్నారు. పెనుకొండ బాబయ్య దర్గా ముందు ఇవాళ్టికీ అన్ని మతాలవాళ్లూ కలిసి నిలబడుతున్నారంటే దానికి భక్తి ఒక్కటే కారణం కాదనుకుంటాను.

1800 తర్వాత మా సీమకు నిజాం ఎవరో, మేమెవరమో. అయినా 1948 మమ్మల్ని వదల్లేదు. తెలుగునాట ఏ మూల పుట్టిన ముస్లిమునైనా కోపమొస్తే ‘రజాకార్’ అనడానికి ఒక్క క్షణం పట్టదు. రజాకార్ల దౌర్జన్యాలను నేను వెనకేసుకు రాను. కానీ రజాకార్ వేరు, నెలజీతం తీసుకున్న సిపాయి వేరు. హైదరాబాదు సైన్యం దాదాపు 22 వేలు. సెప్టెంబర్ 13న మొదలైన ‘పోలీసు చర్య’ ఐదు రోజుల్లో ముగిసింది, జనరల్ ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. లొంగిన సైన్యం కరిగిపోయింది. నజ్మ్-ఎ-జమీయత్ అరబ్బులలో చాలామందిని సముద్రం దాటించి పంపేశారు. మిగిలినవాళ్లకు బార్కస్ దిక్కయింది. ఆ పేరే బ్యారక్స్ నుంచి వచ్చింది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ సిద్దీలకు పేట పేరు మిగిలింది, ఏ.సి. గార్డ్స్. అక్కడ బస్సు దిగేవాళ్లలో ఆ రెండక్షరాలకు అర్థం తెలిసినవాళ్లెందరు?

జిల్లాల్లో జరిగింది ఇంకా ఘోరం. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబర్, డిసెంబర్ నెలల్లో తిరిగి చూసి, పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా కట్టారు. ఆ ఇళ్లలో మిగిలిన ఆడవాళ్లు పెన్షన్ ఆఫీసుకు కాదు, కుట్టుమిషను దగ్గరికీ బీడీల చాట దగ్గరికీ పోయారు. వాళ్లను నిలబెట్టింది జకాత్ చిల్లరా, తోటివాళ్ల మంచితనమూ. ఆ నివేదికలోనే ఒక మాట ఉంది. కొన్నిచోట్ల హిందూ నేతగాళ్లు తోటి ముస్లిం నేతగాళ్లకు అడ్డం నిలబడి, తమ ప్రాణాలు పోగొట్టుకుని మరీ కాపాడారట. ధర్మవరం మగ్గాల చప్పుడు వింటూ పెరిగిన మాలాంటివాళ్లకు ఇది వింతగా అనిపించదు. కానీ పాఠ్యపుస్తకాల్లో ఆ నేతగాళ్లకూ చోటు దొరకలేదు.

ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో మూడు సిపాయి విగ్రహాలున్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో పాలస్తీనా దాకా పోయి పోరాడిన జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాదు లాన్సర్ల గుర్తు అవి. ఎదురుగా ఉన్న భవనంలోకి నెహ్రూ నివాసం మారింది 1948లోనే. సుందర్‌లాల్ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు అచ్చు వెయ్యలేదు. అది చదువరులకు అందుబాటులోకి వచ్చిందని లోకానికి తెలిసింది 2013లో. దొరికిన చోటు ఆ తీన్‌మూర్తి భవనంలోని లైబ్రరీయే.