వేసవి రాని ఏడాది

మే నెలలో ఆకాశం మబ్బుపట్టి జల్లు కురిస్తే పుదుచ్చేరి తీరాన ఉన్న కురుచికుప్పం వీధులకు అది ఊరట. పట్టణానికి దక్షిణాన, ఆ ప్రాంతపు ధాన్యాగారంగా పేరొందిన బాహూరులో వడ్లు ఆరబోసుకున్న చిన్న రైతుకు అదే జల్లు గుండెకోత. చల్లని వేసవి ఎవరికి మేలు, ఎవరికి కీడు అన్న ప్రశ్నకు చరిత్రలో పాత సాక్ష్యమే ఉంది.

1815 ఏప్రిల్‌లో నేటి ఇండొనేసియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. అది వెదజల్లిన గంధక వాయువుల నుంచి పుట్టిన సూక్ష్మ తుంపరలు ఎగువ వాతావరణంలో వ్యాపించి సూర్యరశ్మిని అడ్డగించాయి. మరుసటి ఏడు పశ్చిమ, మధ్య ఐరోపాలలో వేసవే రాలేదు. ఎడతెగని వానకు కోసిన గడ్డి కుళ్లిపోయింది. గోధుమ సరిగా పండలేదు. ఫ్రాన్సులో ద్రాక్ష కోత ఎన్నడూ లేనంత ఆలస్యమైంది. యుద్ధకాలంలో చేజారిన పుదుచ్చేరిని బ్రిటిషువారి నుంచి ఫ్రాన్సు తిరిగి పొందింది ఆ 1816లోనే. ఇక్కడ దాని జెండా ఎగురుతుండగా అక్కడ రొట్టె ధర మండుతున్నది.

ధర పెరిగితే రైతుకు లాభమని పైకి తోస్తుంది. చిన్న కమతంలో అమ్మడానికి మిగులేదీ? ఆ రైతే తిండిగింజలు కొనుక్కోవలసి వచ్చింది. మేత లేక పశువులను అయినకాడికి అమ్ముకున్నాడు. నిల్వలున్నవారే లాభపడ్డారు. గోధుమ ధర క్వార్టరుకు 80 షిల్లింగులు చేరేదాకా విదేశీ గోధుమను విపణిలోకి రానీయని 1815 నాటి చట్టంతో బ్రిటన్ భూస్వాములకు కవచం తొడిగింది. కరవు చవిచూసిన వ్యుర్టెంబెర్గ్ రాజ్యం మాత్రం 1818లో హోహెన్‌హైమ్‌లో వ్యవసాయ విద్యాలయాన్ని స్థాపించింది. ఆపద ఒకటే అయినా రెండు ప్రభుత్వాలు రెండు దారులు తొక్కాయి.

రెండు శతాబ్దాల తరువాత, 2025 మే నెలలో భారతదేశంలో సగటున 126.7 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. 1901 నుంచి ఏ మే నెలలోనూ అంత వాన లేదు. తెలుగునాట రెండో పంట వడ్లు కళ్లాలకూ కొనుగోలు కేంద్రాలకూ చేరే కాలమది. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే నిబంధన అడ్డువస్తుంది. ఆరబెట్టేందుకు ఎండ ఉండదు, యంత్రం అందుబాటులో ఉండదు, అప్పులవాడు ఆగడు. చివరకు గింజ వ్యాపారి చెప్పిన ధరకే పోతుంది.

కౌలుదారు స్థితి మరీ దుర్భరం. పొలం కాగితాలపై అతని పేరుండదు. ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం సైతం భూయజమాని సంతకాన్నే ప్రాతిపదికగా తీసుకుంది. ఆ సంతకం దొరకని సాగుదారుకు నష్టం మిగులుతుంది, పరిహారం మిగలదు.

మబ్బును ఏ ప్రభుత్వమూ ఆపలేదు. తడిసిన గింజ నష్టాన్ని ఎవరి పద్దులో రాయాలన్నది మాత్రం 1816లోనూ నేడూ ప్రభుత్వమే నిర్ణయిస్తున్నది.