బడి వదిలే వేళ

బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో పుట్టిన తేదీ పక్కన ‘తండ్రి వృత్తి’ అని ఒక గడి ఉంటుంది. పుట్టిన తేదీల మాట నమ్మకండి. మా కొండపల్లి పాత రిజిస్టర్లు చూస్తే ఊళ్లో సగం మంది జూన్, జూలైల్లోనే పుట్టారనిపిస్తుంది. అయిదేళ్లు నిండేలా మాస్టారే లెక్కగట్టి ఒక తేదీ వేసేసేవారు. తండ్రి వృత్తి దగ్గర మాత్రం అబద్ధం ఆడే అవసరం ఎవరికీ లేదు. నన్ను బళ్లో వేసినప్పుడు ఆ గడిలో ‘బొమ్మల పని’ అని రాశారు. తర్వాత నేనే టీచర్నై ఆ రిజిస్టర్లు రాశాను. రిటైరయ్యే నాటికి ఆ మాట రాయాల్సి రావడం అరుదైపోయింది. డ్రైవరు, పవర్‌హౌస్‌లో కాంట్రాక్టు పని, ప్రైవేటు ఉద్యోగం... ఇవే ఎక్కువ.

పిల్లల్ని ఏ బళ్లో వెయ్యాలని ఎవరైనా అడిగితే ఫలితాలు, ఫీజు, మీడియం గురించి మాట్లాడతారు. బొమ్మలు చేసే ఇళ్లలో వీటికంటే ముందు ఇంకో ప్రశ్న ఉండేది: ఎన్నింటికి వదులుతారు? ఆ ప్రశ్నకు రెండొందల ఏళ్ల చరిత్ర ఉంది.

ముందు ఇంటిబడి గురించి చెప్పాలి. మా ఆర్యక్షత్రియుల పూర్వీకులు కొన్ని వందల ఏళ్ల కిందట రాజస్థాన్ నుంచి వచ్చారని పెద్దలు చెబుతారు. మా మూలపురుషుడు ముక్తాఋషి శివుడి దగ్గర ఈ విద్య నేర్చుకున్నాడనీ చెబుతారు. అది ఎలా ఉన్నా, పాఠం మొదలయ్యేది మాత్రం అమ్మ పక్కన కూర్చుని. కొండల మీద దొరికే తెల్లపొణికి కర్రను సెగ మీద నిదానంగా ఆరబెడతారు. తేమ పూర్తిగా పోకపోతే బొమ్మ తర్వాత పగులుతుంది. మొండెం ఒకటిగా చెక్కి, చేతులు, తొండాలు, కొమ్మలు విడిగా చేసి అతికిస్తారు. అతికేది మక్కుతో. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపితే మక్కు. ఆరేడేళ్ల పిల్ల చేతికి మొదట ఇచ్చేది ఆ మక్కు పనే. తర్వాత ఆకురాయితో నునుపు చెయ్యడం, సున్నపు పూత. ఆ పైన మేకవెంట్రుకల కుంచెతో రంగు. కన్నుగీత మాత్రం చివర, అదీ చెయ్యి వణకదని ఇంట్లో వాళ్లకు నమ్మకం కుదిరాకే. ఈ చదువుకు పరీక్ష లేదు, సెలవులు లేవు. ఇది అబ్బే వయసూ, బడికి పోయే వయసూ ఒకటే కావడమే చిక్కు.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాకు ఎన్ని బళ్లున్నాయో లెక్క తియ్యమన్నాడు. మా ఊరు అప్పుడు మచిలీపట్నం జిల్లా కిందే. ఆ జిల్లాలో 484 బళ్లు, పై చదువుల చోట్లు 49 ఉన్నాయని తేలింది. పిల్లల్ని బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఇతర కులాలు, ముసల్మానులు అని గడులు గీసి లెక్కపెట్టారు. చేతిపని వాళ్లెవరో, చదువుకున్నది ఎందరో ఆ గడుల్లో కనపడదు. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ మాత్రం 1823లో అంకెలతో ఆగకుండా బడి ఎలా నడుస్తుందో రాశాడు. పొద్దున ఆరింటికల్లా బడి. మొదట వచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్నా. మూడోవాడికి చిన్నగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్లకు ఒక్కొక్కటీ పెరుగుతుంది. ఇంట్లో పని ముగించుకుని వచ్చే పిల్లాడికి రోజూ ఎన్ని పడేవో ఊహించుకోండి. సీమ బట్ట వచ్చి చేతిపని వాళ్ల సంపాదన పడిపోయిందనీ, పిల్లల లేత చేతుల కష్టం కూడా ఇంటికి అవసరమై చదువు మాన్పిస్తున్నారనీ ఆయనే రాశాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి కంపెనీ వ్యాపారం మీద ఆ మాట రాయగలిగిన కలెక్టరంటే నాకు గౌరవం.

మా కొండ మీది కోట 1766లో కంపెనీ చేతికి వచ్చింది. 1859 దాకా అక్కడ దండు ఉంది. అయినా ఇంగ్లీషు చదువు కొండ దిగి ఊళ్లోకి రాలేదు. అది బందరులో మొదలైంది, 1843లో రాబర్ట్ నోబుల్ పెట్టిన మిషను బళ్లో. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు. కొంతకాలానికి మళ్లీ పంపారు. కచేరీలో ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలిగా! భయం, ఆశ తూకం వేసుకుని బడి ఎంచుకోవడం ఈ కార్పొరేటు కాలంలో పుట్టిందేమీ కాదు.

అదే బందరులో 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. పుస్తకంతోపాటు చేతిపని కూడా చదువేనని అన్ని ఇళ్ల పిల్లలకూ చెప్పిన బడి అది. మా పనిని కులానికి కట్టెయ్యకుండా గౌరవించిన ఆలోచన ఈ చుట్టుపక్కల అదొక్కటేనని నా అభిప్రాయం.

దానికి సరిగ్గా ఎదురు 1953 నాటి ఆలోచన. ఆ జూన్‌లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ ఒక పథకం తెచ్చారు: పల్లెటూళ్ల ప్రాథమిక బళ్లలో రోజుకు మూడు గంటలే చదువు, మిగతా పూట పిల్లలు ఇంట్లో తండ్రి చేసే పని నేర్చుకోవాలి. పైకి చూస్తే మాలాంటి ఇళ్ల కోసమే చేసినట్టుంటుంది. మా తాతయ్య మెచ్చుకున్నాడట. మా నాయనమ్మ మాత్రం, “బెజవాడలో వకీలుగారబ్బాయికీ మూడు గంటలేనా?” అని అడిగిందట. లేదు, పట్నాలకు ఆ పథకం వర్తించదు. కులవిద్య అని తమిళనాట పెద్ద గొడవ లేచింది. ఆ అక్టోబరు 1న మనం ఆంధ్ర రాష్ట్రంగా విడిపోయాం. మరుసటి ఏడు 1954లో కామరాజు అక్కడ దాన్ని ఎత్తేశారు. ఎవరి పిల్లలు ఎంతసేపు చదవాలో తేల్చే పెద్దల పిల్లలు అందులో లేకపోతే నాకు ఇప్పటికీ మా నాయనమ్మ ప్రశ్నే నోటికొస్తుంది.

ఆ తర్వాత గాలి ఒకే వైపు వీచింది. 1972లో తాడికొండలో గురుకులం వచ్చింది, ప్రవేశ పరీక్ష రాసి సీటొస్తే చదువూ భోజనమూ అక్కడే. 1979లో పక్కనే ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషను మొదలైంది. బూడిద మా ఇళ్ల మీద పడింది, జీతాలు కూడా మా ఇళ్లలోకే వచ్చాయి. ఐటీఐ చదివిన అన్న నెల తిరిగేసరికి జీతం తెస్తుంటే, దశావతారాల సెట్టు అమ్ముడుపోయేదాకా ఎదురుచూసే నాన్న తమ్ముణ్ని ఏ మొహంతో పక్కన కూర్చోపెట్టుకుంటాడు? 1986లో విజయవాడ దగ్గర పోరంకిలో శ్రీచైతన్య మొదలైంది. కృష్ణా జిల్లా అంతా ఎంసెట్ ర్యాంకుల భాష నేర్చుకుంది. చదువు పగలు దాటి స్టడీ అవర్లలోకి పాకింది.

టీచర్‌గా నాకు తెలిసిన లెక్క ఇంకోటుంది. బొమ్మలకు గిరాకీ దసరాకీ సంక్రాంతికీ, కొలువుల కోసం. క్వార్టర్లీ, హాఫియర్లీ పరీక్షలూ ఆ పండగల ముందే. సెప్టెంబరులో మా పిల్లలు గోళ్ల కింద రంగుతో పరీక్ష రాయడానికి వచ్చేవాళ్లు. కొందరు వచ్చేవాళ్లే కాదు. పండగ దాటాక రాయనిచ్చిన మాస్టర్లు ఉన్నారు, బయట నిలబెట్టినవాళ్లూ ఉన్నారు.

2010 ఏప్రిల్ నుంచి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ బడి ఖాయం చేసింది, అది మంచిదే. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు, ప్రమాదం లేని ఇంటి పనిలో పిల్లలు బడి వేళల తర్వాత, సెలవుల్లో సాయపడొచ్చన్నారు. సాయం పేరుతో పిల్లల్ని పిండుకుంటారని విమర్శించినవాళ్ల భయం నిజమే. మా కాలనీలో నేను చూసింది మాత్రం వేరు. చట్టం ‘బడి తర్వాత’ అన్న వేళ మా పిల్లలకు మిగల్లేదు.

ఈ జూన్‌లో మా తమ్ముడి కోడలు పిల్లాణ్ని చేర్చడానికి రెండు బళ్లు చూసి వచ్చింది. తమ్ముడు ఇంకా ఏనుగు అంబారీలు చేస్తాడు. ఏసీ గదులూ కంప్యూటర్లూ అన్నీ విని, “ఎన్నింటికి వదులుతారమ్మా?” అన్నాడు. ఒకచోట నాలుగున్నరకి. రెండోచోట అయిదో తరగతి దాకా అయిదింటికి, ఆరు నుంచి ఫౌండేషన్ క్లాసులని ఏడున్నర. “మావయ్యా, మీ మనవడు బొమ్మలు చెయ్యాలంటారా?” అంది తను. “చెయ్యమన్లేదు, చేతనవ్వాలన్నాను” అన్నాడు. నాలుగున్నర బళ్లో చేర్చారు. అక్కడ అయిదో తరగతి దాకే ఉంది.