ఒకటే మందు, టైమే తేడా: ఆపరేషన్‌కి ముందు ఇచ్చే యాంటీబయాటిక్ కథ



ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయితే డిశ్చార్జ్ రోజు మనం ఏం అడుగుతాం? "డాక్టర్ గారూ, కుట్లు చీము పట్టకుండా యాంటీబయాటిక్ రాశారా?" అని. కానీ చీము పట్టకుండా కాపాడే అసలు డోసు అప్పటికే పడిపోయి ఉండాలి. అదీ కత్తి పెట్టకముందే! ఈ సంగతి అర్థం కావడానికి డాక్టర్లకే చాలా ఏళ్లు పట్టింది. ఈ రోజు ఆ కథ చెప్పుకుందాం.

1940లలో పెన్సిలిన్ వాడకంలోకి వచ్చింది. ఇక ఆపరేషన్ గాయాలకి ఇన్ఫెక్షన్ భయం పోయిందనుకున్నారు. చాలాచోట్ల ఆపరేషన్ అయ్యాకే ఇంజెక్షన్లు మొదలుపెట్టి, రోజుల తరబడి ఇచ్చేవాళ్లు. అయినా గాయాలు చీము పట్టేవి. దాంతో కొందరు సర్జన్లు "ముందుజాగ్రత్త యాంటీబయాటిక్ వల్ల లాభం లేదు" అని తేల్చేశారు.

మరి తప్పు మందుదా, టైమ్‌దా?

ఈ ప్రశ్నని పట్టుకున్నది జాన్ బర్క్ అనే అమెరికన్ సర్జన్. ఆయన గినీ పిగ్స్ చర్మంలోకి స్టాఫ్ బ్యాక్టీరియాని ఎక్కించారు. మన చర్మం మీద, ముక్కులో ఉండే రకమే అది. తర్వాత కొన్నిటికి ముందే, కొన్నిటికి అదే టైమ్‌కి, కొన్నిటికి గంటల తర్వాత యాంటీబయాటిక్ ఇచ్చి చూశారు. ముందే మందు పడినవాటిలో పుండు బాగా చిన్నగా ఉంది. మూడు గంటలు దాటాక ఇస్తే మాత్రం ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. 1961లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఎందుకలా? చర్మం కోయగానే క్రిములు లోపలికి దిగుతాయి. మొదట్లో అవి కొన్నే ఉంటాయి, ఇంకా పాతుకుపోయి ఉండవు. ఆ టైమ్‌కే కండలో, రక్తంలో మందు రెడీగా ఉంటే, మన ఒంటి రక్షణ వ్యవస్థ మిగతా పని చూసుకుంటుంది. లేటైతే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

సరే, అవి గినీ పిగ్స్. మరి మనుషుల్లో? 1992లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ నుంచి ఒక స్టడీ వచ్చింది. 2,847 మంది పేషెంట్లలో ఎవరికి ఎప్పుడు మందు పడిందో గమనించారు. కోతకి ముందు రెండు గంటల్లోపు ఇచ్చినవాళ్లలో 0.6 శాతం మందికే గాయం ఇన్ఫెక్ట్ అయింది. కోత పెట్టి మూడు గంటలు దాటాక ఇచ్చినవాళ్లలో 3.3 శాతం. మరీ ముందుగా, అంటే రెండు గంటల కంటే ముందే ఇచ్చినవాళ్లలో 3.8 శాతం! అంటే లేటైనా కష్టమే, తొందరపడినా కష్టమే.

అందుకే 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన సర్జరీ చెక్‌లిస్ట్‌లో ఒక ప్రశ్న ఉంటుంది: గత 60 నిమిషాల్లో యాంటీబయాటిక్ ఇచ్చారా? కోత పెట్టేముందే అడగాలి. 2016లో అదే సంస్థ ఇంకో మాట చెప్పింది: కేవలం ముందుజాగ్రత్త కోసమైతే ఆపరేషన్ అయ్యాక మందు పొడిగించొద్దు. అదనపు లాభం కనపడలేదు, పైగా మందుకి లొంగని క్రిములు పెరుగుతాయి.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. అన్ని ఆపరేషన్లకీ ఈ డోసు అవసరం ఉండదు. ఇన్ఫెక్షన్ ఆల్రెడీ ఉంటే ఇచ్చే కోర్సు వేరు, దాన్ని సొంతంగా ఆపేయకూడదు. కానీ ఈసారి ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే, డిశ్చార్జ్ దాకా ఆగకండి. ముందే అడగండి: "డాక్టర్ గారూ, యాంటీబయాటిక్ అవసరమా? అయితే ఎప్పుడు ఇస్తారు? తర్వాత కూడా రాస్తే, అది దేనికి?"

ఈ వీడియో ఆపరేషన్ డేట్ దగ్గర పడుతున్న వాళ్లకి పంపండి. అది కూడా ముందే పంపండి! మళ్లీ కలుద్దాం.