ఇందూరు సీమలో కొలువు మాటలు: ఒక పరిశీలనము

భాషాచరిత్ర యనగానే శాసనములును కావ్యములును మన కన్నులయెదుట నిలుచును. మనుష్యుడు పని యడుగుటకును, పనిలో నిలుచుటకును, పని విడుచుటకును వాడుకొను మాటలు మాత్రము తఱచుగా మన పరిశీలనకు రావు. కొంతకాలము క్రిందట మేము స్నాతకోత్తర విద్యార్థులకు ఒక చిన్న పని యప్పగించితిమి. ఇంటిలో పెద్దలు కొలువునుగూర్చి మాటలాడునపుడు వాడు పదములను వ్రాసి తెమ్మంటిమి. బోధను ప్రాంతమునుండి వచ్చిన యొక విద్యార్థిని, చక్కెర కార్ఖానాలో పనిచేసిన తన తాతగారి మాటలను రెండు పుటల నిండ వ్రాసి తెచ్చినది. ఆయన చదువు నేర్వనివాడు. ఐనను డ్యూటీ, షిఫ్టు, బోనసు, గ్రాట్యుటీ, లేఆఫు అను మాటలు ఆయన నోట ఇంటిమాటలవలె పలుకునట. పట్టిక చివర ఆమె తన మాటగా ఒక వాక్యము చేర్చినది: ఇంటర్వ్యూ అను పదము వినగానే తనకు నోరు పెగలదని. చదువు రాని తాతకు లొంగిన ఇంగ్లీషు పట్టభద్రురాలైన మనుమరాలికి ఏల లొంగలేదు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమున మా ప్రయత్నము.

ఇట్టి పరిశీలనకు ఇందూరు సీమ, అనగా నిజామాబాదు ప్రాంతము, తగిన క్షేత్రము. 2006లో స్థాపితమైన తెలంగాణ విశ్వవిద్యాలయమునకు నెలవైన డిచ్‌పల్లి చుట్టును చూచినచో సేద్యపు జీతము, నిజాము కాలపు కచేరి, చక్కెర కార్ఖానా, బీడీల పని, గల్ఫు వలస అను పలుతెరగుల కొలువులు ఒకదానిపై నొకటి పొరలుగా పేరుకొని యున్నవి. ప్రతి పొరయు భాషలో తన మాటలను విడిచినది.

మొదటి పొర దేశీయము. కొలుచు అను ధాతువునుండి పుట్టిన కొలువునకు సేవ మూలార్థము. రాజు తీర్చిన సభయు కొలువే, ఆ సభలో నిలుచువాని వృత్తియు కొలువే. జీతము జీవితశబ్దమునకు తద్భవము. ఉద్యోగమునకు సంస్కృతమున పూనిక యని యర్థము; తిక్కన తెనిగించిన ఉద్యోగపర్వములోనిది యుద్ధమునకై చేయు పూనికయే గాని నెలజీతపు పని కాదు. ఈ మాటలు గంభీరములే. కాని తెలంగాణపు పల్లెలో జీతమునకు మఱియొక నీడ కలదు. జీతముండుట యనగా ఏడాది పొడవున ఆసామి యింట సేవకుడై యుండుట. అప్పుకు బదులు చాకిరి చేయు భాగేలా, కూలి లేని వెట్టి దాని ప్రక్కనే నిలిచినవి. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ఇంగ్లీషులో వ్రాయబడినను, బలవంతపు చాకిరి పద్ధతులను పేర్కొనునపుడు భాగేలా, జీత, పాలేరు, వెట్టి అను మాటలను అట్లే నిలుపుకొన్నది. మన పని మాటలు కేంద్ర శాసనమున కెక్కిన తీరు ఇట్టిది.

రెండవ పొర ఫారసీ ఉరుదులది. హైదరాబాదు రాజ్యమున 1884లో ఫారసీ స్థానమును ఉరుదు ఆక్రమించినది. 1917లో అనువాద కార్యాలయమైన దారుల్‌తర్జుమా వెలసెను; 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉరుదు మాధ్యమముగా నెలకొనెను. కచేరిలో కొలువు కోరు తెలుగువాడు ముందు ఉరుదు గడప దాటవలసి వచ్చెను. నౌకరి, దరఖాస్తు, సిఫారసు, హాజరు, నాగా, బదిలీ, బర్తరఫు అను మాటలు ఆ కచేరి మాటలే. వీనిలో కొన్ని తెలుగునకు వచ్చి యర్థము మార్చుకొన్నవి. ఉరుదులో రాజీనామా యనగా ఉభయులు సమ్మతించి వ్రాసికొన్న ఒడంబడిక. కొలువు విడుచుటకు ఆ భాషలో ఇస్తీఫా యందురు. తెలుగువాడు రాజీని తగవు తీర్పునకే యుంచి, రాజీనామాను పదవి విడుచుటకు వాడుకొన్నాడు. ఎరువు తెచ్చిన మాటను తన యక్కఱకు మలచుకొను శక్తి మన భాషకు కలదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

మూడవ పొరకు 1937 మొదటి గుర్తు. ఆ యేడు నిజామాబాదులో మందుముల నరసింగరావుగారి యధ్యక్షతన ఆరవ ఆంధ్ర మహాసభ జరిగినది. ఆ యేడే బోధనునకు నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చినది. దానిచుట్టు శక్కర్ నగర్ వెలసినది. షుగరు, శక్కరు, చక్కెర అను మూడును సంస్కృత శర్కరనుండి వేర్వేరు త్రోవల వచ్చిన మాటలు. ఒకే మాట మూడు రూపములతో ఒకే యూర కలిసికొన్నది. కచేరి ఉరుదు, యంత్రముల ఇంగ్లీషు, కార్మికుల తెలుగు అట్లే అచట ఎదురుపడినవి.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసిన తరువాత కేంద్ర కార్మిక శాసనములు ఈ సీమకును వర్తించినవి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారమునకు 48 గంటల పని, వారమున కొక విరామదినము, గడువు మించిన పనికి రెట్టింపు కూలి, పనిచేసిన ప్రతి 20 దినములకు ఒక దినపు జీతపు సెలవు నియమించెను. ప్రావిడెంటు ఫండు 1952లోను, బోనసు 1965లోను, గ్రాట్యుటీ 1972లోను చట్టములైనవి. సేవ చేసిన ప్రతి సంవత్సరమునకు 15 దినముల వేతనమును లెక్కించుట గ్రాట్యుటీ సూత్రము. డ్యూటీ, షిఫ్టు, ఓవర్‌టైము, బోనసు అను మాటలు కార్మికుని నోట నిలుచుటకు ఈ హక్కుల తోడు కారణమని మా యభిప్రాయము.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. యంత్రము వచ్చినచోట దాని భాషయు వచ్చును గదా, ఇందు హక్కుల ప్రసక్తి యేల యని. యంత్రముతో వచ్చుటయే కారణమైనచో పాతమాటలన్నియు ఒక్కమారు తొలగిపోవలసి యుండెను. అట్లు జరుగలేదు. హాజరు నిలిచినది, నాగా నిలిచినది, బదిలీ నిలిచినది, రాజీనామా నిలిచినది. పాతమాటలో క్రొత్త భావము పట్టినచోట పాతమాటయే సాగినది. షిఫ్టునకు, ఓవర్‌టైమునకు సరియగు భావము జీతగాని బ్రదుకులో లేదు. అతని పనికి పొద్దు వ్రాలుటయే గాని గంట కొట్టుట లేదు. కావున క్రొత్త భావముతో క్రొత్త మాట వచ్చినది. దానిని తెలుగు కార్మికుడు తన వ్యాకరణమున ఇముడ్చుకొన్నాడు. డ్యూటీ ఎక్కుట, డ్యూటీ దిగుట అను ప్రయోగములను గమనింపుడు. ఎక్కినవానికి దిగు వేళ కలదు. వెట్టికి ఎక్కుటయు దిగుటయు లేవు. ఈ రెండు క్రియలలోనే తరముల తేడా యిమిడి యున్నది.

ఇక మనుమరాలి భయమునకు వత్తము. తాత మాటలు పనిలోపలివి, మనుమరాలి మాటలు వాకిటివి. అప్లికేషను, రెస్యూమె, ఇంటర్వ్యూ, ఆఫరు లెటరు, ప్రొబేషను, నోటీసు పీరియడు అనునవి గడప బయటనే ఎదురగును. ఇంటర్వ్యూ మూలము ఫ్రెంచి. ఒకరినొకరు చూచుకొనుట దాని తొలి యర్థము. మన ముఖాముఖి యను మాట ఆ సమభావమునకు సరిపోవును. మౌఖిక పరీక్ష యనునది ఆచరణకు సరిపోవును, ఏలయన అడుగువారు ఒకవైపు, చెప్పువారు మఱియొకవైపు. కేంద్ర ప్రభుత్వము 2016 జనవరి 1 నుండి క్రింది తరగతుల కొలువులకు ఇంటర్వ్యూను తొలగించినది. 2022లో తెలంగాణ ప్రభుత్వము గ్రూపు 1, గ్రూపు 2 పదవులకును తొలగించినది. ప్రైవేటు సంస్థలలో మాత్రము ఆ వాకిలి అట్లే యున్నది.

ఈ మాటలు కఠినములై తోచుటకు ఉచ్చారణ కారణము కాదు. వాని వెనుకనున్న షరతు ఎవరును విప్పి చెప్పకుండుటయే కారణము. ఒక యుదాహరణము. ఉద్యోగమిచ్చు పత్రమున సి.టి.సి. యని యొక పెద్ద మొత్తము వ్రాయుదురు. అది యజమాని ఒక యేడు ఆ యుద్యోగిపై చేయు ఖర్చంతయు. ప్రావిడెంటు ఫండునకు యజమాని చెల్లించు భాగమును అందులో చేరును. చేతికి వచ్చు జీతము అంతకంటె తక్కువ. దానినే జీతమని నమ్మిన పిల్లవాడు మొదటి నెలనాడు మోసపోయితినని తలచును. ప్రొబేషను పరిశీలనకాలము. నోటీసు పీరియడు కొలువు విడుచుటకు ముందు తెలుపవలసిన గడువు. ఇట్లు విప్పి చెప్పినచో ఇవియు రాజీనామావలె మన మాటలగును.

కార్మికుని విషయమున చట్టమే ఈ యుపాధ్యాయత్వము వహించినది. 1946 నాటి స్టాండింగు ఆర్డర్ల చట్టము పని నియమములను ఇంగ్లీషుతోపాటు కార్మికులలో ఎక్కువమందికి తెలిసిన భాషలోను వ్రాసి కార్ఖానాలో ప్రకటింపవలెనని విధించెను. ఫ్యాక్టరీల చట్టమును ప్రకటనల విషయమున అట్లే చెప్పెను. 2020 నాటి కార్మిక స్మృతులు 2025 నవంబరు 21 నుండి అమలై ఈ పాత చట్టముల స్థానమును పొందినవి. ఇంటర్వ్యూ గది వాకిట మాత్రము అట్టి బోర్డు నాడును లేదు, నేడును లేదు.

గల్ఫు దేశములకు పోవువారి స్థితి ఇంకను కఠినము. పదవ తరగతి దాటనివారు ఆ దేశములకు పోవుటకు 1983 నాటి వలస చట్టము ప్రభుత్వపు అనుమతి నియమించినది. వీసా, ఏజెంటు, అగ్రిమెంటు అను ఇంగ్లీషు మాటలతో బయలుదేరినవాడు అకామా, కఫీలు అను అరబ్బీ మాటలతో తిరిగి వచ్చును. కఫీలు అనగా పూచీదారు, అకామా నివాసానుమతి. ఒకప్పుడు రాజుల వెంట వచ్చిన అరబ్బీ మాటలకు తోడుగా ఇవి కూలివాని సంచిలో వచ్చినవి. వీని యర్థము ఒప్పందముమీద వ్రేలిముద్ర వేయుటకు ముందు తెలిసినవారు ధన్యులు. తరువాత తెలిసినవారు దాని వెల చెల్లించినవారు.

మాట తెలిసినంతమాత్రమున కొలువు నిలువదు. నిజాం షుగర్స్ 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు పోయినది. 2015 డిసెంబరులో బోధనున లేఆఫు ప్రకటింపబడి కార్ఖానా మూతపడినది. లేఆఫు అనగా కొలువు తీసివేయుట కాదు, పని చూపలేక తాత్కాలికముగా ఆపుట. 1953 నాటి చట్టసవరణ అట్టివారికి సగము వేతనపు పరిహారమును నిర్దేశించెను. బర్తరఫునకును లేఆఫునకును గల భేదము ఆ తాతకు తెలియును. కనుకనే ఆయన తనను తీసివేసిరని యెన్నడును అనలేదని, కార్ఖానా ఆగినదని మాత్రమే చెప్పుననియు ఆమె వ్రాసినది. ఆ భేదము తెలిసి మాటలాడుటలో ఒక గౌరవము కలదు.

కావున తెలుగు శాఖలు చేయదగిన పని యొకటి మాకు తోచుచున్నది. కొలువు మాటలకు ఒక నిఘంటువు కావలెను. ప్రతి మాటకును తెలుగు సమానార్థకమును మాత్రమే యిచ్చి యూరకుండరాదు. అది యెప్పుడు వచ్చినది, దేనితో వచ్చినది, అది పలికినవానికి ఏ హక్కు కలుగును, ఏ బాధ్యత తగులును అను వివరము లుండవలెను. సామగ్రికి గ్రంథాలయమునకు పోనక్కఱలేదు. శక్కర్ నగర్ వీథులలోను, బీడీలు చుట్టు అరుగులమీదను, మన విద్యార్థుల యిండ్లలోను అది యున్నది. తాతలు జీవించియుండగనే దానిని సేకరింపవలెను.